మూడో సంపుటంలోని పెద్దక్క

చరిత్ర సర్వస్వ కార్యాలయ సంచాలకులు గారికి,
అదే కార్యాలయపు ప్రధాన సంపాదకులు గారికి,
అదే కార్యాలయపు ఫిర్యాదుల విచారణాధికారి గారికి.
(ముగ్గురూ ఒక్కరేనని కౌంటరులో చెప్పినందున ఒకే ప్రతి సమర్పిస్తున్నాను.)

అయ్యా,

విషయం: తమ మూడో సంపుటంలో "మా పెద్దక్క" అని పేర్కొనబడిన మనిషి నేనే అయి ఉన్నందున, నేను ఎవరికి పెద్దక్కనో తేల్చవలసిందిగానూ, అది తేలేవరకు మా తమ్ముడి చేత దొంగతనం ఒప్పుకుంటూ క్షమాపణ రాయించడం ఆపవలసిందిగానూ కోరుతూ.

సూచిక: తమ మూడో సంపుటం, "పాత రేవు వీధి" అధ్యాయం, మా తమ్ముడికి తమరు పంపిన నోటీసు, తమ కౌంటరు గుమాస్తాగారి నోటిమాట, తమ సొంత నోటిమాట.

ఈ కింద చేవ్రాలు చేయబోయే నేను విన్నవించేది ఇది.

ముగ్గురు తోబుట్టువుల్లో పెద్దదాన్ని. యాభై దాటాయి. ఆస్పత్రివాళ్ళకు దుస్తులు కుడతాను. నా తర్వాతది చెల్లెలు. బడిలో లెక్కలు చెబుతుంది. చివరివాడు తమ్ముడు, నగర గ్రంథాలయంలో చదువుకునే గది చూసుకుంటాడు. ముగ్గురం పాత రేవు వీధిలో ఒకే ఇంట్లో ఉంటున్నాం.

అర్జీలు నాకు అలవాటు లేదు. నా విన్నపాలన్నీ రోజూ పొద్దున ప్రార్థనలో చెప్పుకుంటాను. అక్కడ కౌంటరు ఉండదు. నకళ్ళు అడగరు. భోజనానికి వెళ్ళారు, తర్వాత రమ్మని చెప్పరు. ఈ సంగతి కూడా ముందు అక్కడే చెప్పుకున్నాను. కింది స్థాయిలో కూడా ఒకసారి అడిగి చూడమన్నట్టు తోచింది. అందుకని తమకు రాస్తున్నాను.

కోపంతో రాస్తున్నానని అనుకోవద్దు. కోపంతో రాసింది నిన్నటి కాగితం. అది పొయ్యిలోకి పోయింది. ఇది చల్లారాక రాసింది.

1. మా తమ్ముడికి ఒక జబ్బు ఉంది. ఎవరు చెప్పారో చెప్పకుండా ఏ సంగతీ చెప్పలేడు.

చిన్నప్పుడు నాకూ చెల్లెలికీ మధ్య మాటలు మోసేవాడు. ఇక్కడి మాట అక్కడ, అక్కడి మాట ఇక్కడ. ఇల్లు అంటుకునేది. ఒకరోజు వాడిని కూర్చోబెట్టి, "మొయ్యి నాయనా, వద్దనను. కానీ ఎవరన్నారో చెప్పి మరీ మొయ్యి" అన్నాను. అంతే. ఆ మాట పట్టుకున్నాడు. ఉడుంపట్టు. ఇప్పుడు వాడికి తల నెరిసింది. "బయట వానొస్తోందా?" అని అడిగితే, "వస్తోందని చిన్నక్క అంది. నేను ఇంకా చూడలేదు" అంటాడు.

ఇలాంటివాడు మా వీధి చరిత్ర రాశాడు. సెలవు దొరికినప్పుడల్లా గుమ్మం గుమ్మం తిరిగి, తాళాలు బాగుచేసే ముసలాయన దగ్గర, పడవ నడిపి మానేసినవాళ్ళ దగ్గర, మేడమీద సంగీతం చెప్పే ఆవిడ దగ్గర కూర్చుని అడిగాడు. విన్న ప్రతి మాట కిందా చెప్పినవాళ్ళ పేరు పెట్టాడు. కొన్నిచోట్ల పేజీలో చరిత్ర నాలుగు వరసలుంటే, కింద పేర్లు పది వరసలున్నాయి. "ఇది చరిత్రా, పెళ్ళిపిలుపులా?" అని చెల్లెలు వెక్కిరించేది. వాడు నవ్వి ఇంకో పేరు రాసేవాడు.

2. సదరు రచనను మా తమ్ముడు పరిశీలన కోసం తమ కార్యాలయానికి సమర్పించాడు. ముట్టినట్టు చెప్పారు. తర్వాత వెతుకుతున్నామన్నారు. ఆ తర్వాత అలాంటిదేదీ రాలేదన్నారు. ఆ తర్వాత తమ మూడో సంపుటం వచ్చింది.

సంపుటం గ్రంథాలయానికి వచ్చిన రోజు వాడు దాన్ని గుండెకు హత్తుకుని ఇంటికి తెచ్చాడు. "అక్కా, మన వీధి సర్వస్వంలోకి ఎక్కింది!" అన్నాడు. కుట్టుమిషను ఆపమన్నాడు. ఆపాను. చెల్లెలిని పిల్లల జవాబు కాగితాలు పక్కన పెట్టమన్నాడు. పెట్టింది. నిలబడి పైకి చదవడం మొదలుపెట్టాడు.

రెండో పేరాకు చెల్లెలు తలెత్తింది. "ఒరేయ్, ఇది నువ్వు రాసిందే కదరా?"

"కాదు చిన్నక్కా. వాళ్ళకూ ఇలాగే తోచి ఉంటుంది."

"చుక్కలతో, కామాలతో సహా తోచిందా?"

వాడు చదువుతూ పోయాడు. గొంతు మాత్రం తగ్గుతూ వచ్చింది. వంతెన కూలిన సంగతి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. చెల్లెలు పుస్తకం లాక్కుని తను చదివింది. తమకు గుర్తు లేకపోవచ్చు కాబట్టి తమ సంపుటం నుంచే ఆ భాగం ఎత్తి రాస్తున్నాను. ఎక్కడి నుంచి ఎత్తానో చెబుతున్నాను, గమనించగలరు:

"మా పెద్దక్క బడి నుంచి వస్తూ కళ్ళారా చూసినదాని ప్రకారం ముందుగా కూలినది తూర్పు కమాను. ఈ విషయాన్ని మా చిన్నక్క అంగీకరించదు. ఆమె ప్రకారం పడమటి కమాను. ఆ సమయంలో ఇద్దరూ పక్కపక్కనే నిలబడి ఉన్నారు."

చెల్లెలు పుస్తకం మూసి నా వైపు చూసింది. "ఏమే అక్కా, మనకి ఇంకో తమ్ముడున్నాడని నాకు ఒక్కసారైనా చెప్పలేదేం?"

తమ్ముడు నవ్వలేదు.

3. తమ సంపుటానికి తమరు రాసిన ముందుమాట కూడా చదివాను. "ఈ అధ్యాయానికి కావలసిన సమాచారమంతా సంపాదకవర్గం వీధి వీధీ తిరిగి స్వయంగా సేకరించినది" అని ఉంది. మా వీధి ఇరుకు. ఒక సంపాదకుడు వచ్చినా తెలుస్తుంది. వర్గం వస్తే సైకిళ్ళు ఆగిపోతాయి.

అదే ముందుమాటలో కాగితం సరఫరా చేసినవారికి, బైండింగు చేసినవారికి, టీ తెచ్చినవారికి పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పారు. టీ తెచ్చినవారికి నా అభినందనలు. తెచ్చింది ఎవరో చెప్పి తాగడం మంచి పద్ధతి. ఆ పద్ధతి టీ దగ్గరే ఆగిపోవడం ఒక్కటే విచారం.

4. "మా పెద్దక్క" అంతటి సంపుటంలో ఎలా మిగిలిపోయిందన్నది మాకు అర్థం కాలేదు. ఒక మనిషి పొలమంతా కోసుకుపోయి గట్టు మీద దిష్టిబొమ్మను వదిలేసి వెళ్ళాడంటే కారణం ఉండాలి కదా. అడిగి తెలుసుకుందామని తమ కార్యాలయానికి వచ్చాను.

కౌంటరులో గుమాస్తాగారు మర్యాదస్తుడు. ఓపికగా చెప్పాడు.

"వ్యాసం కుదించడానికి మాకు ఒక పద్ధతి ఉందమ్మా. పేజీ అడుగున ఉన్న చిన్నక్షరాలన్నీ తీసేస్తాం. 'నేను' అని ఉంటే 'పరిశోధకులు' అని మారుస్తాం. కానీ ఫలానావారు చెప్పారని వాక్యం లోపలే ఉంటే మాత్రం దాన్ని ముట్టుకోం. ఆధారం ఉన్న వాక్యాన్ని కదపకూడదని సార్ రూలు."

"ఎందుకు నాయనా?"

"ఆధారాలంటే సార్‌కి ప్రాణం అమ్మా."

"మరి ఆ పెద్దక్క ఎవరో ఎవరూ అడగలేదా?"

"అచ్చుకి పోయేముందు ఒకాయన అడిగాడు. సార్ అక్కగారేమో, ఎందుకొచ్చిన గొడవ అని మిగతావాళ్ళు ఊరుకోబెట్టారు."

కాబట్టి జరిగింది ఇది. మా తమ్ముడు పేజీ అడుగున పెట్టిన పేర్లన్నీ పోయాయి. తాళాలాయన పోయాడు. పడవలవాళ్ళు మునిగారు. సంగీతం ఆవిడ గొంతు వినబడకుండా పోయింది. మేం అక్కచెల్లెళ్ళం ఇద్దరం మాత్రం వాక్యం మధ్యలో ఉన్నందున బతికి బయటపడ్డాం. తమరి భయం మమ్మల్ని కాపాడింది. అందుకు కృతజ్ఞురాలిని.

నేనే ఆ పెద్దక్కనని చెప్పాను. గుమాస్తాగారు లేచి నిలబడి కుర్చీ వేశాడు. తమ కార్యాలయంలో ఇంతవరకు నాకు జరిగిన న్యాయం అదొక్కటే.

"దీనికి అర్జీ పెట్టుకోండమ్మా" అన్నాడు.

"ఎవరికి?"

"సార్‌కే."

"ఫిర్యాదు ఆయన మీదే కదా నాయనా?"

"అయితే ఇంకా మంచిది. సార్‌కి మొదట్నుంచీ చెప్పక్కర్లేదు. విషయం ఆయనకి బాగా తెలుసు."

కంచె చేను మేస్తే కంచెకే చెప్పుకోవాలన్నమాట. సరే, చెప్పుకుంటున్నాను.

ఆ సమయంలోనే తమరు వరండాలో వెళుతూ నన్ను చూశారు. "ఎవరమ్మా మీరు?" అని అడిగారు. "మీ పెద్దక్కనండి" అన్నాను. తమరు నవ్వి, "నాకు అక్కలెవరూ లేరమ్మా, మా ఇంట్లో నేనే పెద్ద" అని లోపలికి వెళ్ళిపోయారు. ఆ మాట నేను భద్రంగా దాచుకున్నాను. ఆధారం: తమ నోటిమాట, తమ వరండాలో, తమ గుమాస్తాగారి సమక్షంలో.

5. ఇంత జరిగినా మా తమ్ముడు ఫిర్యాదు చేయలేదని మనవి. వాడు చేసింది వేరే. దాన్ని వాడు తప్ప భూమి మీద ఇంకెవరూ చేయరు.

తమరికి కృతజ్ఞతలు చెబుతూ ఉత్తరం రాశాడు. మా వీధిని చేర్చుకున్నందుకు సంతోషమనీ, అయితే అచ్చులో ఎక్కడో పొరపాటున ఆధారాల పట్టిక జారిపోయినట్టుందనీ, తమకు ఇబ్బంది కలగకూడదని మళ్ళీ పంపుతున్నాననీ రాశాడు. పట్టికతో పాటు, ఆ మధ్యకాలంలో తను పెంచి సరిదిద్దిన రచన మొత్తాన్ని జత చేశాడు.

"ఒరేయ్, ఇల్లు దోచుకున్నవాడికి, తాళంచెవి మర్చిపోయావు బాబూ అని పంపిస్తావురా?" అని చెల్లెలు నెత్తి కొట్టుకుంది.

"తెలియక జరిగి ఉంటుంది చిన్నక్కా. పెద్ద ఆఫీసు. కాగితాలు కలిసిపోతాయి."

"కలిసిపోవు. ఒకదాంట్లో ఒకటి దూరతాయి."

వాడు వినలేదు. పంపాడు. దానికి తమరి జవాబు నోటీసు రూపంలో వచ్చింది. "తమరు సమర్పించిన రచనలో నూటికి తొంభై పాళ్ళు మా మూడో సంపుటం నుంచి యథాతథంగా గ్రహించబడినట్లు గుర్తించడమైనది" అని అందులో ఉంది.

మిగిలిన పది పాళ్ళు ఆధారాల పట్టిక, కొత్తగా చేర్చిన సంగతులు. అవి తమ దగ్గర లేవు కాబట్టి సరిపోలి ఉండవు.

6. సదరు నోటీసు నకలును తమరు గ్రంథాలయాధికారి గారికి కూడా పంపారు. మా తమ్ముడిని ఆయన పిలిపించారు. ఆయన చెడ్డవారు కాదు, గొడవలంటే గిట్టనివారు. క్షమాపణ రాసి ఇస్తే ఉద్యోగం ఉంటుందన్నారు. ఇవ్వకపోతే చదువుకునే గది తాళాలు ఇచ్చి వెళ్ళమన్నారు. పుస్తకం కూడా వెనక్కి తీసుకుంటున్నట్టు అందులోనే రాయాలన్నారు.

అయ్యా, ఇంతవరకు నేను నవ్వుతూ రాశాను. ఈ అంశం అలా రాయలేకపోతున్నాను.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాడు దొంగ అని సామెత. మా ఇంట్లో కాయలు పోయినవాడే కూర్చుని భుజాలు తడుముకుంటున్నాడు. మొన్న అన్నం ముందు కూర్చుని, "అక్కా, నేనే ఎక్కడో చూసి రాశానేమో" అన్నాడు.

"ఎక్కడ చూశావురా? వాళ్ళది నిరుడు అచ్చయింది. నువ్వు అంతకుముందెప్పుడో రాశావు."

"అంత పెద్దవాళ్ళు అబద్ధం రాస్తారా? నేను ఎంతమంది మాటలు విన్నానో నాకే లెక్క లేదు. ఎవరి మాట ఎక్కడ కలిసిందో. నాకు తెలియకుండా ఒకరి పేరు ఒదిలేశానేమో అక్కా."

చెల్లెలు తన కంచంలో కూర తీసి వాడి కంచంలో వేసింది.

దొంగకు ఈ భయం ఉండదు. వస్తువు పోయినవాడికీ ఉండదు. ఎవరి వస్తువు వారికి చేర్చాలని బతికినవాడికి మాత్రమే ఉంటుంది. తమరు పుస్తకాన్ని తీసుకున్నారు, పోనీ. వాడు తనను తాను నమ్ముకోవడం కూడా అందులోనే వెళ్ళిపోయింది. అది తమ సంపుటంలో ఏ పేజీలో ఉందో నాకు కనబడలేదు.

ఆ రోజు నుంచి వాడు కలం పట్టలేదు. వీధిలో ఎవరైనా పలకరిస్తే తల దించుకుని పోతున్నాడు. ఏమైనా చెబుతారేమోనని.

క్షమాపణ మాత్రం రాసి ఉంచాడు. సంతకం ఒక్కటే మిగిలింది. కాగితం వాడి చొక్కా జేబులో ఉంది. చొక్కా ఉతకడానికి తీసినప్పుడు చూశాను. "ఇతరుల శ్రమను నాదిగా చెప్పుకున్నందుకు బేషరతుగా క్షమాపణ వేడుకొంటున్నాను" అని ఉంది. దాని కింద చిన్నక్షరాలతో ఇంకో వరస ఉంది: "పై వాక్యం నా సొంతం కాదు. గ్రంథాలయాధికారి గారు చెప్పగా రాసినది."

దొంగతనం ఒప్పుకునే కాగితంలో కూడా ఆ మాట ఎవరిదో రాయకుండా ఉండలేకపోయాడు. వీడు దొంగ అని తమరు తేల్చారు. తమరి విచారణ ఎంత లోతుగా జరిగిందో అర్థమైంది.

7. ఇక రుజువు. తమరికి రుజువులు ఇష్టమని విన్నాను.

తమ సంపుటంలో వంతెన భాగం చివర ఈ వాక్యాలున్నాయి: "బడి పిల్లలు వంతెన ఎక్కకుండా ఒక స్త్రీ ఆపినట్లు తెలుస్తోంది. ఆవిడ ఎవరో పెద్దక్కను మళ్ళీ అడగాలి."

అది మా తమ్ముడు తనకోసం పక్కన గీసుకున్న మాట. పెద్దక్క పేరు ఉంది కాబట్టి ఆధారం అనుకుని తమవారు ముట్టుకోకుండా అచ్చువేశారు. సర్వస్వంలో "అడగాలి" అని రాసుకున్నారు కాబట్టి అడగడానికి వస్తారేమోనని నేను ఎదురుచూశాను. తలుపు దగ్గరగా వేసే ఉంచాను. సంపాదకవర్గం రాలేదు.

మా తమ్ముడు వచ్చి అడిగాడు. అడగడానికి వాడు దూరం నుంచి రావాల్సిన పని లేదు. వంటగదిలోంచి ముందుగదిలోకి వచ్చాడు.

నేను చెప్పాను. ఆవిడ రేవులో మూటలు మోసేది. ఆ రోజు మాకంటే ముందు నడుస్తూ, వంతెన మీద రెండడుగులు వేసి వెనక్కి వచ్చింది. మూటను దారికి అడ్డంగా పడేసి దాని మీద కూర్చుంది. "కాళ్ళ కింద కదులుతోంది. ఒక్కరు ఎక్కారంటే కాళ్ళు విరగ్గొడతా" అంది. మేం ఆవిడను నానా మాటలూ అన్నాం. మా చెల్లెలు ఆవిడ చెయ్యి కొరికింది. (ఈ విషయాన్ని చెల్లెలు అంగీకరించదు.) మేం ఇంకా తిడుతూండగానే వంతెన పోయింది.

ఆవిడ లేచి దుమ్ము దులుపుకుని, మూట నెత్తిన పెట్టుకుని, పడవల వైపు వెళ్ళిపోయింది. పేరు ఎవరూ అడగలేదు. నా ప్రార్థనలో రోజూ ఆవిడ ఉంటుంది. పేరు తెలియక "ఆ మూటల ఆవిడ" అనే చెప్పుకున్నాను. అక్కడ సరిపోయింది. చరిత్రలో సరిపోదు కదా.

ఆవిడ కుడి చెవి తమ్మె చీలి ఉండేదని నేను చెప్పిన ఒక్క గుర్తు పట్టుకుని తమ్ముడు బయలుదేరాడు. రేవు పోయింది, పడవలు పోయాయి, మోసేవాళ్ళు తలో దిక్కూ పోయారు. అయినా అడుగుతూ పోయి ఆవిడ కూతురిని పట్టుకున్నాడు. ఆవిడ పేరు తెచ్చాడు. ఆ పేరు తమరు "నకలు" అన్న రచనలో ఉంది. తమరి "అసలు"లో లేదు.

అంటే తమరి లెక్క ప్రకారం, అసలులో ప్రశ్న ఉంది, నకలులో జవాబు ఉంది. ఇలాంటి నకలు రాయగలిగినవాడిని శిక్షించడం కాదు, ప్రతి కార్యాలయంలోనూ ఒకడిని పెట్టుకోవాలి.

ఆ పేరు ఒకసారి తమ దగ్గరికి వచ్చింది, చాలు. ఈ అర్జీలో మళ్ళీ రాయడం లేదు. తమ కార్యాలయానికి పంపిన సంగతులు తర్వాత ఎవరి పేరు మీద తేలుతాయో నాకు అనుభవం. పుస్తకం వాడి పేరుతో వచ్చినప్పుడు చదువుకోవచ్చు. ఆవిడ కూతురు కూడా దానికోసమే చూస్తోంది. "అమ్మ పేరు అచ్చులో వచ్చిందా అక్కా?" అని కనబడినప్పుడల్లా అడుగుతుంది. సార్‌గారు ఒప్పుకోలేదని ఆవిడకు చెప్పే పని తమరికే వదిలేస్తున్నాను.

8. పైన పేర్కొన్న కారణాల దృష్ట్యా, ఈ రెండింటిలో ఒకటి మంజూరు చేయగలరు.

మొదటిది. ఆ అధ్యాయం మా తమ్ముడిదని ఒప్పుకుని, నోటీసు రద్దు చేసి, ఆ ముక్క గ్రంథాలయాధికారి గారికి రాసి పంపడం. వచ్చే సంపుటంలో వాడి పేరు, పేజీల అడుగున వాడు రాసిన వాళ్ళందరి పేర్లు వేయడం. టీ తెచ్చినవారి తర్వాత వేసినా అభ్యంతరం లేదు.

రెండోది. ఆ అధ్యాయం తమరిదేనని తేల్చడం. అలాగైతే అందులో ఉన్న పెద్దక్క, చిన్నక్క కూడా తమరివాళ్ళమే అవుతాం. పుస్తకం తమరిదీ, అక్కలు వేరొకరివాళ్ళూ అంటే కుదరదు. తమకు అక్కలు లేరని తమరన్నారు. కనీసం ఆ సంపుటం అచ్చులో ఉన్నంతకాలం ఉన్నారు.

మా ఇంట్లో తమ్ముడు చేసే పనులు ఇవి. చెల్లెలిని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. అది దారి పొడుగునా సణుగుతుంది, ఎదురు చెప్పకూడదు. మెట్ల దగ్గర లైటు పోయినప్పుడల్లా స్టూలెక్కాలి. వంటగది కుళాయి కారితే ముందు తను ప్రయత్నించి, చెడగొట్టి, తర్వాత మనిషిని పిలవాలి. తూర్పు కమానా పడమటి కమానా అని మేం పోట్లాడుకుంటున్నప్పుడు మధ్యలో కూర్చుని ఎవరివైపూ మాట్లాడకుండా ఉండాలి. నేను ప్రార్థనలో ఉన్నప్పుడు గిన్నెలు చప్పుడు చేయకూడదు. తిట్లు ఇద్దరి దగ్గరా తినాలి. తిట్టింది ఎవరో గుర్తుపెట్టుకోవాలి.

ఆదివారం నుంచి రావచ్చు. చెల్లెలు తమరి కోసం చూస్తోంది. అది నాలా అర్జీలు రాసే మనిషి కాదు.

మొదటిది సులువని నా ఉద్దేశం.

9. తమరి మీద నాకు ద్వేషం లేదు. ప్రార్థనలో తమరి పేరు కూడా చేర్చాను. తమరి పేరు తమరికే చెందేట్టు, పక్కవారి ఖాతాలో పడకుండా, స్పష్టంగా చెప్పాను.

ఇంతకుమించి తమరు చిత్తగించవలెనని కోరదగినది ఏదీ లేదు. చిత్తం ఉంటే చాలు.

ఇట్లు
తమ విధేయురాలు,
(తమ లెక్కలోనే, తమ సంపుటంలోని)
పెద్దక్క

పేరు రాయలేదని అర్జీ తిప్పి పంపవద్దు. తమ సంపుటంలో నా పేరు లేదు, పెద్దక్క అని మాత్రమే ఉంది. రికార్డు ప్రకారమే సంతకం చేశాను.

తాజా కలం: ఈ అర్జీ మడవబోయేముందు తమ్ముడు చదివాడు. నేను చూపించలేదు. చెల్లెలు తీసుకెళ్ళి చేతిలో పెట్టింది.

చివరిదాకా చదివాడు. తర్వాత, "అక్కా, ఏడో అంశంలో 'అసలులో ప్రశ్న, నకలులో జవాబు' అని రాశావు. ఆ మాట చిన్నక్కది కదా? పొద్దున స్నానానికి పోతూ అంది, నేను విన్నాను. నీ మాటలా రాసేశావేంటి?" అన్నాడు.

"అవును, దానిదే. రాయకపోతే ఇప్పుడేమైందిరా?"

"ఏమైందేంటక్కా? చెప్పకుండా వాడుకుంటే దాన్ని దొంగతనం అంటారు."

అన్నాక వాడే ఆగిపోయాడు. ఆ మాట ఎవరో వెనకనుంచి అన్నట్టు చుట్టూ చూశాడు. చెల్లెలు తలుపు దగ్గర నిలబడి, "ఎవరన్నారురా ఆ మాట?" అంది.

"నేనే" అన్నాడు.

"ఎవరైనా చెప్పగా అన్నావా, సొంతంగా అన్నావా?"

"సొంతంగానే చిన్నక్కా."

అప్పుడు జేబులోంచి ఆ క్షమాపణ కాగితం తీశాడు. కలం అడిగాడు. ఇచ్చాను. కాగితం వెనక్కి తిప్పాడు. వెనకవైపు ఖాళీగా ఉంది. "నీ అర్జీకి ఆధారాలు లేవక్కా. ఇలా పంపితే ఎవరూ నమ్మరు" అని, కూర్చుని, పేరు తర్వాత పేరు రాసుకుంటూ పోయాడు. గుమాస్తాగారి పేరు, గ్రంథాలయాధికారి గారి పేరు, వరండాలో తమరన్న మాటకు తమరి పేరు. గుమ్మడికాయల సామెతకు "లోకోక్తి, పెద్దక్క తరచూ వాడేది" అని రాశాడు. కమాను దగ్గర ఇద్దరి పేర్లూ రాశాడు. చెయ్యి కొరికిన సంగతి దగ్గర "వివాదాస్పదం" అని పెట్టాడు.

ఆ కాగితమే దీనికి జతచేశాను. కాబట్టి తమరు కోరిన క్షమాపణ కూడా తమరికి చేరినట్టే. సంతకం లేదు. ఉండదు. వెనక్కి తిప్పి చదువుకోవచ్చు.

ఈసారైనా పట్టిక పారేసుకోకు నాయనా.